జర్మన్ వాక్యం కుదరడం లేదా? ఇంగ్లీషుని కాసేపు పక్కన పెట్టండి

నమస్తే అండీ. మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నర్సింగ్ పూర్తయింది, జర్మనీలో ఉద్యోగం కోసం భాష నేర్చుకుంటున్నారు, మొదటి మెట్టు ఏ1 గట్టెక్కింది, రెండో మెట్టు ఏ2 మొదలైంది (ఆ పైన బి1, బి2 ఉంటాయి). పదాలు బాగానే వస్తున్నాయి, వాక్యం దగ్గరికి వచ్చేసరికి తడబాటు. క్రియ ఒకసారి మధ్యలో, ఒకసారి చివర ఎందుకు వస్తుందో అర్థం కావడం లేదు. డేర్, డేన్, డేమ్ అనే ఆర్టికల్ (ఇంగ్లీషు "ది" లాంటి మాట) రూపాల పట్టిక బట్టీ పట్టారు గానీ నోరు తెరిస్తే ఏదీ గుర్తు రాదు. మీరు రాసిన మూడు వాక్యాలు: "హొయ్టె ఇష్ గేహె ట్సు క్రాంకెన్‌హావుస్" (ఈవేళ నేను హాస్పిటల్‌కి వెళ్తాను), "ఇష్ హెల్ఫె డీ పాట్సియెంటిన్" (నేను పేషంట్‌కి సాయం చేస్తాను), "వైల్ ఇష్ హాబె కైనె ట్సైట్" (నాకు టైమ్ లేదు కాబట్టి). వీటిలో తప్పేమిటని అడిగారు.

మూడూ ఇంగ్లీషులో ఆలోచించి రాసినవి. తప్పంతా అక్కడే ఉంది. మీరు తెలుగులో ఆలోచించి ఉంటే రెండోదీ మూడోదీ దాదాపు వాటంతట అవే సరిగ్గా పడేవి. మనం పేషంట్‌"కి" సాయం చేస్తాం, జర్మన్ కూడా అక్కడ "కి" విభక్తే అడుగుతుంది. "నాకు టైమ్ లేదు కాబట్టి" అన్నప్పుడు మన క్రియ చివరికి పోతుంది, జర్మన్‌లో "వైల్" వచ్చినా అంతే. చాలా ఏళ్లుగా హైదరాబాదులో జర్మన్ చెబుతున్నాను. మన పిల్లలు ఇంగ్లీషు నిచ్చెన వేసుకుని జర్మన్ ఎక్కబోయి జారిపడటమే ఎక్కువ చూశాను. క్లాసులో పాఠం ఇంగ్లీషులో చెబుతారు కాబట్టి ఆ అలవాటు సహజమే. కానీ వాక్యం కట్టే పద్ధతిలో జర్మన్ ఇంగ్లీషు కన్నా తెలుగుకి దగ్గరగా ఉన్న చోట్లు చాలా ఉన్నాయి. లేని చోట్లు కూడా ఉన్నాయి, అవి ముందే తెలిసి ఉంటే సరిపోతుంది.

జర్మన్ మాటలన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఉచ్చారణ దగ్గరగా ఉంటుందే తప్ప అచ్చంగా అదే కాదు. స్పెల్లింగ్ కోసం మీ పుస్తకం చూసుకోండి.

ముందు క్రియ సంగతి. మామూలు వాక్యంలో క్రియది రెండో స్థానం. ఆర్టీసీ బస్సులో రిజర్వ్ చేసిన సీటు లాంటిది అది, ఎవరు ముందు ఎక్కినా ఆ సీటులో క్రియే కూర్చుంటుంది. "ఇష్ ట్రింకె హొయ్టె కఫే" అనవచ్చు, "హొయ్టె ట్రింకె ఇష్ కఫే" అనవచ్చు, "కఫే ట్రింకె ఇష్ హొయ్టె" అని కూడా అనవచ్చు. ఈవేళ, నేను, కాఫీ మూడూ చోటు మార్చుకున్నాయి, "ట్రింకె" కదల్లేదు. మొదటి చోట ఇంకేదైనా కూర్చుంటే కర్త క్రియ వెనక్కి వస్తుంది. మీ మొదటి వాక్యంలో "హొయ్టె" ముందు పెట్టి, దాని తర్వాత "ఇష్" కూడా పెట్టేశారు. క్రియ మూడో చోటికి జరిగిపోయింది. "హొయ్టె గేహె ఇష్ ఇన్స్ క్రాంకెన్‌హావుస్" అనాలి. "ఇన్స్" సంగతి తర్వాత చెబుతాను.

రెండో స్థానం అంటే రెండో పదం కాదు. ఇక్కడ చాలామంది పొరబడతారు. "గెస్టర్న్ ఆబెంట్ నాఖ్ డేర్ ఆర్బైట్ హాబె ఇష్ మైనె ముటర్ ఆన్‌గెరూఫెన్" అంటే నిన్న సాయంత్రం డ్యూటీ అయ్యాక అమ్మకి ఫోన్ చేశాను అని. ఐదు పదాలున్నా "నిన్న సాయంత్రం డ్యూటీ అయ్యాక" అన్నది ఒకే ముక్క, ఒకే స్థానం. తర్వాత "హాబె" వచ్చింది. ఇక "ఉంట్" (మరియు), "ఆబర్" (కానీ), "ఓడర్" (లేదా), "డెన్" (ఎందుకంటే), "జోండర్న్" (అది కాదు, ఇది) అనే ఐదు కలిపే మాటలు లెక్కలోకి రావు. వాటి తర్వాత మళ్ళీ ఒకటి, రెండు అని లెక్క మొదలు. "యా" (అవును), "నైన్" (కాదు) కూడా కామా పెట్టుకుని బయటే ఉంటాయి. అవును-కాదు ప్రశ్నలో, ఆజ్ఞలో మాత్రం క్రియ మొదటికి వస్తుంది: "కొమెన్ జీ మోర్గెన్?" అంటే రేపు వస్తారా.

ఇప్పుడు అసలు రుచి. క్రియ ఒక్కటే కాకుండా రెండు ముక్కలుగా ఉంటే, రూపం మారే ముక్క రెండో చోట ఉంటుంది, మిగతాది వాక్యం చివరికి పోతుంది. జర్మన్ వ్యాకరణంలో దీన్ని "జట్స్‌క్లామర్" అంటారు, వాక్యానికి రెండు వైపులా బ్రాకెట్ అన్నమాట. ఈ వాక్యం చూడండి: "ఇష్ ముస్ మోర్గెన్ ఉమ్ ఆఖ్ట్ ఊర్ మిట్ డేమ్ బుస్ ఇన్స్ క్రాంకెన్‌హావుస్ ఫారెన్." తెలుగులో: నేను రేపు ఎనిమిది గంటలకి బస్సులో హాస్పిటల్‌కి వెళ్ళాలి. పక్కపక్కన పెట్టి చదవండి. నేను, రేపు, ఎనిమిదింటికి, బస్సులో, హాస్పిటల్‌కి, వెళ్ళడం. వరస మొత్తం ఒకటే. "ఆలి" అన్న ముక్క, అంటే "ముస్", మాత్రం మన వాక్యంలోంచి లేచి రెండో సీటులోకి వెళ్ళింది. మన ప్రత్యయాలు పదం వెనక వస్తే వాళ్ళవి పదం ముందు వస్తాయి, "బస్సులో" అన్నది "మిట్ డేమ్ బుస్" అవుతుంది. ఆ తేడా మీకు ఏ1 లోనే అలవాటై ఉంటుంది.

క్లాసులో "టేకామోలో" అనే సూత్రం చెప్పి ఉంటారు: ముందు ఎప్పుడు, తర్వాత ఎందుకు, తర్వాత ఎలా, చివర ఎక్కడ. ఇంగ్లీషువాళ్ళు చోటు ముందు చెప్పి సమయం తర్వాత చెబుతారు, అందుకని వాళ్ళకి అది బట్టీ పట్టాల్సిన సూత్రం. మనకి ఏం అవసరం? తెలుగు వాక్యం మామూలుగా ఆ వరసలోనే వస్తుంది. నా సలహా ఏమిటంటే, వాక్యం పెద్దదైనప్పుడు ముందు తెలుగులో చెప్పుకోండి, ఆ వరసలోనే జర్మన్ మాటలు పేర్చండి, ఆఖరున రూపం మారే క్రియని తీసి రెండో చోట పెట్టండి. మొదట్లో నెమ్మదిగా ఉంటుంది, తర్వాత చెయ్యి తిరుగుతుంది.

జరిగిపోయిన సంగతి చెప్పే "పెర్ఫెక్ట్" కూడా ఇదే బ్రాకెట్. "హాబె" లేదా "బిన్" రెండో చోట, "గె" పెట్టిన రూపం చివర. వెళ్ళడం, రావడం లాంటి కదలికకీ, నిద్రలోకి జారుకోవడం, మేల్కోవడం లాంటి స్థితి మార్పుకీ "జైన్" (ఉండటం, "బిన్" దాని రూపమే), మిగతావాటికి ఎక్కువగా "హాబెన్" (కలిగి ఉండటం, "హాబె" దాని రూపం).

విడిపోయే క్రియల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మీ ఉద్యోగంలో వీటితో రోజూ పని. "నేమెన్" అంటే తీసుకోవడం. "డేర్ పాట్సియెంట్ నిమ్ట్" అని విన్నంతమాత్రాన ఏమీ తేలదు. చివర "ట్సూ" వస్తే పేషంట్ బరువు పెరుగుతున్నాడు, "ఆప్" వస్తే తగ్గుతున్నాడు. "నేమెన్ జీ డీ టబ్లెటె ఐన్" అంటే మాత్ర వేసుకోండి. "ఇష్ నేమె ఈనెన్ యెట్స్ట్ బ్లూట్ ఆప్" అంటే ఇప్పుడు మీకు రక్తం తీస్తాను. వాక్యం పూర్తయ్యేదాకా వినకుండా తల ఊపేస్తే చిక్కే. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవాళ్ళకి చివరిదాకా ఆగడం విసుగ్గా ఉంటుంది. మనం పుట్టినప్పటి నుంచి చివరి మాట కోసం ఆగేవాళ్ళమే. వెళ్ళాడో, వెళ్ళలేదో, వెళ్ళగలడో తెలుగులో చివరనే కదా తేలేది.

ఇక "వైల్" (కాబట్టి), "డాస్" (అని), "వెన్" (అయితే), "ఒప్" (అవునో కాదో), "ఒప్‌వోల్" (అయినా). ఇవి వచ్చిన ఉపవాక్యంలో రూపం మారే క్రియ కూడా చివరికి పోతుంది. పై వాక్యాన్నే మార్చండి: "వైల్ ఇష్ మోర్గెన్ ఉమ్ ఆఖ్ట్ ఊర్ మిట్ డేమ్ బుస్ ఇన్స్ క్రాంకెన్‌హావుస్ ఫారెన్ ముస్." ఇప్పుడు "ముస్" తన సొంత చోటికి వచ్చేసింది. "ఫారెన్ ముస్" అంటే వెళ్ళ, ఆలి. "గేహెన్ కన్" అంటే వెళ్ళ, గలను. మన క్రియలో ముక్కలు ఏ వరసలో ఉంటాయో అదే వరస. భాషాశాస్త్రవేత్తల్లో చాలామంది జర్మన్‌ని అడుగున క్రియ చివర ఉండే భాషగానే లెక్కిస్తారు, ప్రధాన వాక్యంలో క్రియ రెండో చోటికి రావడం దాని మీద జరిగే మార్పు అంటారు. నాకు ఆ మాట నచ్చుతుంది. ఉపవాక్యం కష్టమని జడిసే తెలుగువాళ్ళకి అసలు అదే సొంత ఇల్లని చెప్పడానికి పనికొస్తుంది.

తేడా ఒకటి ఉంది. మనం "అని", "కాబట్టి", "అయితే" లాంటివి ఉపవాక్యం ఆఖరున పెడతాం, వాళ్ళు ఆ మాటని మొదట్లో పెట్టి తలుపు తెరుస్తారు. "అతను రేపు వస్తాడని నాకు తెలుసు" అన్నది "ఇష్ వైస్, డాస్ ఏర్ మోర్గెన్ కొమ్ట్" అవుతుంది. "డాస్" అని వినగానే చెవి నిక్కించుకోవాలి, క్రియ ఆఖరున వస్తుంది. మీ మూడో వాక్యం "వైల్ ఇష్ కైనె ట్సైట్ హాబె" కావాలి. తెలుగులో "ఎందుకంటే" అని మొదలుపెట్టి మామూలు వాక్యం చెప్పే అలవాటు ఉంది కదా, దానికి సరిపోయేది "డెన్", దాని తర్వాత వరస మారదు. జర్మన్లు ఇంట్లో, వీధిలో మాట్లాడేటప్పుడు "వైల్" తర్వాత కూడా క్రియని రెండో చోట పెట్టేయడం మీరు వింటారు. వినండి, పరీక్షలో రాయకండి.

ఉపవాక్యం ముందు వస్తే? అదంతా కలిపి ఒక్క స్థానం. కాబట్టి ప్రధాన వాక్యం నేరుగా క్రియతో మొదలవుతుంది: "వైల్ ఇష్ క్రాంక్ బిన్, బ్లైబె ఇష్ ట్సు హావుజె", ఒంట్లో బాగోలేదు కాబట్టి ఇంట్లోనే ఉంటాను. కామాకి అటూ ఇటూ రెండు క్రియలు ఎదురెదురుగా ఉండాలి. రాశాక ఆ కామా దగ్గర ఒకసారి చూసుకుంటే చాలు, సగం తప్పులు దొరికిపోతాయి.

విభక్తులకి వద్దాం. మొత్తం నాలుగు: నోమినాటివ్ (కర్త), అకుజాటివ్ (మన "ని"), డాటివ్ (మన "కి"), గెనిటివ్ (మన "యొక్క"). పట్టిక నిలువుగా అడ్డంగా బట్టీ పట్టడం వృథా అని నా గట్టి అభిప్రాయం. అందులో నిజంగా గుర్తుంచుకోవాల్సింది కొంచెమే. అకుజాటివ్‌లో పుంలింగం ఒక్కటే మారుతుంది, డేర్ కాస్తా డేన్, ఐన్ కాస్తా ఐనెన్. స్త్రీలింగం, నపుంసకం, బహువచనం కదలవు. డాటివ్‌లో అన్నీ మారతాయి: పుంలింగానికీ నపుంసకానికీ డేమ్, స్త్రీలింగానికి డేర్, బహువచనానికి డేన్, దాంతోపాటు నామం చివర ఒక న్. ప్రశ్న వేసే మాటలు కూడా అదే తోక పట్టుకుని వస్తాయి: వేర్-డేర్, వేన్-డేన్, వేమ్-డేమ్. ఎవరు, ఎవరిని, ఎవరికి. చిక్కు ఎక్కడంటే "డేర్" అని వినిపించినంతమాత్రాన పుంలింగ కర్త అనుకోకూడదు. "మిట్ డేర్ ఫ్రావ్" (ఆ స్త్రీతో) లో అది స్త్రీలింగ డాటివ్.

మనవాళ్ళు అకుజాటివ్‌లో ఎందుకు తప్పు చేస్తారో గమనించారా? తెలుగులో మనుషులకే "ని" తప్పనిసరి. డాక్టర్‌ని పిలిచాను, కుర్చీ తెచ్చాను. కుర్చీకి "ని" పెట్టం. ఆ అలవాటుతో "ఇష్ జేహె డేన్ ఆర్ట్స్ట్" (డాక్టర్‌ని చూస్తున్నాను) అని సరిగ్గా అనేవాళ్ళు కూడా "ఇష్ బ్రావుఖె ఐన్ ష్టూల్" (నాకు కుర్చీ కావాలి) అనేస్తారు. జర్మన్‌కి ప్రాణం ఉందా లేదా అన్నది పట్టదు, లింగమే చూస్తుంది. కుర్చీ వాళ్ళకి పుంలింగం, కాబట్టి "ఐనెన్ ష్టూల్". దీనికి ఎదురు తప్పు "జైన్" దగ్గర వస్తుంది. "ఏర్ ఇస్ట్ ఐన్ గూటర్ ఆర్ట్స్ట్" లో డాక్టర్ కర్మ కాదు, "అతను మంచి డాక్టర్" అన్నదే. అక్కడ "ఐనెన్" పెట్టకూడదు.

లింగం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. చెంచా పుంలింగం, ఫోర్క్ స్త్రీలింగం, కత్తి నపుంసకం. కారణం వెతక్కండి, దొరకదు. కానీ పదం చివర చూస్తే చాలావాటికి దారి తెలుస్తుంది. ఉంగ్, హైట్, కైట్, షాఫ్ట్, ట్సియోన్ అని ముగిస్తే స్త్రీలింగం: ఉంటర్‌జూఖుంగ్, బెహాండ్లుంగ్, క్రాంక్‌హైట్, ఒపెరాట్సియోన్, ఇన్ఫెక్ట్సియోన్. మీ హాస్పిటల్ మాటల్లో సగం ఇక్కడే ఉన్నాయి. "ఎ" తో ముగిసేవి కూడా ఎక్కువగా అంతే: టబ్లెటె, ష్ప్రిట్సె, వుండె. "షెన్" తోక ఉంటే నపుంసకం, అందుకే ఆడపిల్ల అనే అర్థం ఉన్న "మేడ్షెన్" కూడా "డాస్" (ఇది నపుంసక ఆర్టికల్, పైన చూసిన "అని" అర్థం ఉన్న డాస్ కాదు). పుంలింగ మాటల్లో కొన్ని అకుజాటివ్‌లో, డాటివ్‌లో తోక కూడా తగిలించుకుంటాయి. మీకు కావలసిన "పాట్సియెంట్" వాటిలో ఒకటి: డేన్ పాట్సియెంటెన్, డేమ్ పాట్సియెంటెన్. "కొలేగె", "హెర్" కూడా ఆ జాతే.

డాటివ్ దగ్గర మనం నిజంగా అదృష్టవంతులం. ఇంగ్లీషువాళ్ళు తలపట్టుకునే వాక్యాలు మన ఇంట్లో మాటలు. "డీ ష్టాట్ గెఫెల్ట్ మీర్" అంటే ఊరు నాకు నచ్చింది. కర్త ఊరే, నాకు డాటివ్. "డాస్ ష్మెక్ట్ మీర్" అంటే ఇది నాకు రుచిగా ఉంది. "మీర్ ఇస్ట్ కాల్ట్" అంటే నాకు చలిగా ఉంది. "మీర్ ఇస్ట్ ష్వింట్లిష్" అంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి. "మీర్ ఇస్ట్ ష్లెష్ట్" అంటే నాకు కడుపులో తిప్పుతోంది. ఇవి పేషంట్ల నోట మీరు తరచు వినబోయే మాటలు. ఇంగ్లీషు మీదుగా వెళ్ళి "ఇష్ బిన్ ష్లెష్ట్" అన్నారనుకోండి, నేను చెడ్డదాన్ని అని చెప్పినట్టు ఉంటుంది. "వో టూట్ ఎస్ ఈనెన్ వే?" అంటే మీకు ఎక్కడ నొప్పిగా ఉంది. ఆ "మీకు" అక్కడ "ఈనెన్" గా అలాగే ఉంది. సాయం చేయడం, కృతజ్ఞత చెప్పడం, జవాబు చెప్పడం, శుభాకాంక్షలు చెప్పడం కూడా మనలాగే "కి" అడుగుతాయి. కాబట్టి మీ రెండో వాక్యం "ఇష్ హెల్ఫె డేర్ పాట్సియెంటిన్".

కానీ ప్రతి "నాకు" నీ "మీర్" చేసేయకండి. నాకు తెలుసు అంటే "ఇష్ వైస్". నాకు కావాలి అంటే "ఇష్ బ్రావుఖె". నాకు ఆకలిగా ఉంది అంటే "ఇష్ హాబె హుంగర్". నాకు జ్వరం అంటే "ఇష్ హాబె ఫీబర్". నాకు ఇద్దరు పిల్లలు అంటే "ఇష్ హాబె ట్స్వై కిండర్". నాకు జర్మన్ వచ్చు అంటే "ఇష్ కన్ డొయిచ్". కలిగి ఉండటం, రావడం, తెలియడం దగ్గర జర్మన్‌లో మనిషే కర్త. అమ్మకి ఫోన్ చేస్తాం గానీ "ఆన్‌రూఫెన్" అకుజాటివ్ అడుగుతుంది, "మైనె ముటర్" అనే ఉండాలి, "మైనర్" కాదు. ఫలానావారితో పెళ్ళి అంటాం, "హైరాటెన్" కి "మిట్" అక్కర్లేదు, నేరుగా అకుజాటివ్. ఎదురు దిశలో కూడా ఉన్నాయి: నిన్ను నమ్ముతున్నాను అన్న చోట "ఇష్ గ్లావుబె డీర్", అతన్ని అనుసరించు అన్న చోట "ఫోల్గె ఈమ్", రెండూ డాటివ్. ఇలాంటి తేడాలు ఓ పేజీకి మించవు. నోట్‌బుక్ వెనక ఒక పేజీ వీటికి కేటాయించండి. క్రియని ఒంటరిగా రాసుకోకుండా "హెల్ఫెన్, ఎవరికి", "ఆన్‌రూఫెన్, ఎవరిని" అని విభక్తితో సహా రాసుకోండి.

ప్రిపొజిషన్లు, అంటే మన "తో", "నుంచి", "కోసం" లాంటి పని చేస్తూ నామం ముందు వచ్చే మాటలు. ఎప్పుడూ డాటివ్ అడిగేవి ఆవుస్, బై, మిట్, నాఖ్, జైట్, ఫొన్, ట్సు, ఆవుసర్. ఎప్పుడూ అకుజాటివ్ అడిగేవి డుర్ష్, ఫ్యూర్, గేగెన్, ఓనె, ఉమ్. స్కూల్లో చదివిన విభక్తుల పట్టిక గుర్తుందా, కొఱకు, కై చతుర్థి అని? చతుర్థి అంటే డాటివ్ కదా అని "ఫ్యూర్" కి డాటివ్ పెట్టే తెలివైన పిల్లలు నాకు కొందరు తగిలారు. అలా కుదరదు. "అమ్మ కోసం" అన్నది "ఫ్యూర్ మైనె ముటర్", అకుజాటివ్. మన పట్టికలో ద్వితీయలో "గురించి" ఉంది, "గురించి" అనే అర్థంలో "యూబర్" కూడా అకుజాటివ్ అడుగుతుంది, అది మాత్రం కలిసొచ్చింది. పట్టికలని పోల్చకుండా "కి, ని, లో, లోకి" అని నోటి మాటలతో పోల్చుకోండి.

రెండు దారులు ఉన్న తొమ్మిది ఉన్నాయి: ఆన్, ఆవుఫ్, హింటర్, ఇన్, నేబెన్, యూబర్, ఉంటర్, ఫోర్, ట్స్విషెన్. ఎక్కడ ఉందో చెబితే డాటివ్, ఎక్కడికి వెళ్తుందో చెబితే అకుజాటివ్. తెలుగులో గదిలో, గదిలోకి. "ఇష్ బిన్ ఇమ్ ట్సిమర్", "ఇష్ గేహె ఇన్స్ ట్సిమర్". "లోకి" అనగలిగితే అకుజాటివ్, అంతే. కదలిక ఉంటే చాలు అకుజాటివ్ అని కొందరు నేర్పుతారు, అది సగమే నిజం. "ఇష్ లావుఫె ఇమ్ పార్క్" అంటే పార్కులో పరుగెడుతున్నాను. కదలిక ఉంది, కానీ పార్కులోకి కాదు, పార్కులోనే. తెలుగు ఆ తేడా చూపిస్తుంది, డాటివ్ సరిపోయింది.

ఇక్కడ తెలుగు మోసం చేసే చోటు "పెట్టడం". మాత్ర బల్ల మీద ఉంది, మాత్ర బల్ల మీద పెట్టాను. మనకి రెండిట్లోనూ "మీద" ఒకటే, జర్మన్‌కి కాదు. "డీ టబ్లెటె లీక్ట్ ఆవుఫ్ డేమ్ టిష్", "ఇష్ లేగె డీ టబ్లెటె ఆవుఫ్ డేన్ టిష్". లీగెన్-లేగెన్, ష్టేహెన్-ష్టెలెన్, జిట్సెన్-జెట్సెన్ అని జంటలుగా ఉంటాయి. మొదటిది ఉండటం, డాటివ్. రెండోది పెట్టడం, అకుజాటివ్. ఈ మూడు జంటలతో రోజూ మీ గదిలో వస్తువులు జరుపుతూ పైకి చెప్పుకోండి, ఇంట్లోవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి.

హాస్పిటల్‌కి వెళ్ళడం "ఇన్స్ క్రాంకెన్‌హావుస్". అక్కడ "ఇన్" తర్వాత అకుజాటివ్, ఇన్ డాస్ కలిసి ఇన్స్ అయింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం "ట్సుమ్ ఆర్ట్స్ట్", డాక్టర్ దగ్గర ఉండటం "బైమ్ ఆర్ట్స్ట్". మనిషి లోకి వెళ్ళలేం కాబట్టి "ఇన్" రాదు. ఈ రెండూ ఎప్పుడూ డాటివే, వెళ్ళినా ఉన్నా. ఊళ్ళకీ, ఆర్టికల్ లేని దేశాలకీ "నాఖ్": నాఖ్ బెర్లిన్, నాఖ్ ఇండియెన్. స్విట్జర్లాండ్ లాంటి ఆర్టికల్ ఉన్నవాటికి "ఇన్ డీ ష్వైట్స్". ఇంటికి అంటే "నాఖ్ హావుజె", ఇంట్లో అంటే "ట్సు హావుజె", వీటికి తర్కం అడగొద్దు.

ఒకే వాక్యంలో "కి", "ని" రెండూ ఉంటే, రెండూ నామాలైతే, మన వరసే: "ఇష్ గేబె డేమ్ పాట్సియెంటెన్ డీ టబ్లెటె", పేషంట్‌కి మాత్ర ఇస్తాను. రెండూ సర్వనామాలైతే తిరగబడుతుంది, వస్తువు ముందు: "ఇష్ గేబె జీ ఈమ్." గెనిటివ్ గురించి ఏ2 లో టెన్షన్ పడకండి. మాట్లాడేటప్పుడు "ఫొన్" పెట్టి డాటివ్‌తో గడిపేస్తారు, రాతలో బి1 దాకా గుర్తుపడితే చాలు. విశేషణాల తోకలు కూడా అంతే. తప్పు తోక పెట్టినా అవతలివాళ్ళకి అర్థమవుతుంది. క్రియ తప్పు చోట పెడితే వినేవాళ్ళు దారి తప్పుతారు. అందుకే ముందు క్రియ, తర్వాత ఆర్టికల్, ఆఖరున తోకలు.

బి2 దాకా వెళ్ళాక వార్డు రిపోర్టుల్లో, పేపర్లలో "డేర్ గెస్టర్న్ ఒపెరీర్టె పాట్సియెంట్" లాంటివి కనిపిస్తాయి. మీ క్లాసులో ఇంగ్లీషు మీదుగా నేర్చుకునేవాళ్ళు దాన్ని చూసి బెదిరిపోతారు. మీరు తెలుగులో చదవండి: నిన్న ఆపరేషన్ అయిన పేషంట్. పదానికి పదం అదే వరస. "నిన్న" తర్వాత "ఉదయం డాక్టర్ చేత" లాంటివి ఎన్ని చేర్చినా పేషంట్ ఆఖరునే వస్తాడు, ఆర్టికల్ ఒక్కటే ముందు ఒంటరిగా నిలబడి ఉంటుంది. ఆ ఆర్టికల్‌కీ నామానికీ మధ్యలో ఉన్నదంతా మన "అయిన, చేసిన, వచ్చిన" అనుకుని చదువుకుంటూ పోండి.